కరువును కరువనే రాసిన దొర

మొన్న ఒక ఆఫీసుకు అర్జీ ఇచ్చేదానికి పోయినా. పనుల్లేక మా పల్లెల్లో జనం ఆకలితో ఉండారని రాసినాం. ఆడుండే సారు చదివి, పెన్ను తీసి ఆకలి అనే మాట కొట్టేసినాడు. వర్షాభావ పరిస్థితులు అని రాసుకోని రాండి, అప్పుడే పైకి పోతాది అన్యాడు. బయటికొచ్చి చెట్టు కింద కూచున్యాక నాకు బ్రౌను దొర గుర్తొచ్చినాడు.

కడపోళ్లకు బ్రౌను కొత్త కాదు. ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్న చోటనే ఇప్పుడు ఆయన పేరు మీద లైబ్రరీ ఉండాది. పెద్ద సదువులు సదవని నాలాంటోడు నాలుగు ముక్కలు నేర్చింది అట్లాంటి లైబ్రరీల్లోనే.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టినాడు. తండ్రి పాదిరి. 1817లో కంపెనీ కొలువుకని మద్రాసులో దిగి, 1820లో కడపకొచ్చినాడు. అప్పటికి ఆయనకొచ్చింది పరీక్ష పాసయ్యేంత తెలుగే. తర్వాత వేమన పద్యాల పిచ్చి పట్టుకునింది. వాటిని వెతికించి, ఇంగ్లీషు చేసి 1829లో అచ్చేయించినాడు. పండితులకు సొంత జీతంలోంచి జీతాలిచ్చి బంగళాలో తాళపత్రాలకు నకళ్లు తీయించినాడు. కడపలో, మచిలీపట్నంలో పేదపిల్లలకు బడులు పెట్టినాడు. పెండ్లి చేసుకోలేదు, అప్పులు మాత్రం శానా చేసినాడు.

1852 నాటి ఆయన నిఘంటువులో కావ్యాల మాటలే కాదు, ఇండ్లల్లో, కచేరీల్లో జనం మాట్లాడే మాటలు కూడా ఎక్కినాయి. పండితులు ముఖం చిట్లించినా ఆయన ఇనలేదు. మన భాషలో మనసు కంటే కడుపుకే పని ఎక్కువ కదా. సంతోషమైతే కడుపు నిండినట్లుందంటాం. ఓర్వలేకపోతే కడుపుమంట. బిడ్డ మీద ప్రేమ కడుపుతీపి, ఆ బిడ్డ పోతే కడుపుకోత. ఇచ్చేదానికీ అంతే. డబ్బు ఇస్తాం, అన్నం మాత్రం పెడతాం. అన్నం ఇచ్చినాడంటే మా అవ్వ నవ్వేది, అదేం మాటరా అని. ఇట్లాంటి తేడా పుస్తకాల్లో దొరకదు, జనం నోట్లోంచి ఏరుకోవాల్సిందే.

అట్లా ఏరుకున్న మనిషికి గుంటూరులో అసలు పరీక్ష వచ్చింది. 1832-33, నందన నామ సంవత్సరం. ఐదు లక్షల మంది ఉన్న జిల్లాలో లక్షన్నర, రెండు లక్షల దాకా చచ్చిపోయినారంటారు. జనం దానికి డొక్కల కరువని పేరు పెట్టుకున్యారు. ఎండిన డొక్కలు కండ్లజూసినోళ్లు పెట్టిన పేరది. కంపెనీ కాగితాల్లో మాత్రం ధాన్యం కొరత అని రాయాలంట! కరువని ఒప్పుకుంటే శిస్తు సంగతి, గంజి కేంద్రాల సంగతి మీదికొస్తాయి కదా. అక్కడ కొలువులో ఉన్న బ్రౌను కరువును కరువనే రాసినాడు. పైవాళ్లు మందలించినారు. నిజం అదే కాబట్టి అదే రాసినానని బదులిచ్చినాడు, మాట మార్చలేదు.

1834లో ఆయన్ని కొలువులోంచి తీసేసినారు. దానికి ఇదొక్కటే కారణమని నేననను, కచేరీ గొడవలు ఎన్నుంటాయో. లండనుకు పోయి కూడా ఊరికే కూచోలేదు, ఇండియా హౌసులో మూలపడిన దక్షిణాది రాతప్రతుల్ని దుమ్ము దులిపినాడు. మళ్లీ వచ్చి మద్రాసులో పని చేసి, పోగేసిన రెండు వేల పైచిలుకు ప్రతుల్ని అక్కడి లిటరరీ సొసైటీకి ఇచ్చేసినాడు. మన నోళ్లలో కలిసిపోయిన ఉర్దూ, ఇంగ్లీషు మాటలకు 1854లో వేరే నిఘంటువే చేసినాడు. 1855లో కొలువు మానుకోని పోయి, లండన్లో పిల్లోళ్లకు తెలుగు చెప్పి, 1884 డిసెంబరు 12న ఆడనే కన్నుమూసినాడు.

దొరను దేవుణ్ణి చేసేది నాకిష్టం ల్యా. ఆయన తినింది కంపెనీ ఉప్పే, ఆ కంపెనీ శిస్తే మన రైతు నడుం ఇరగ్గొట్టింది. అయినా ఆ ఉప్పు తింటానే కాగితం మీద ఆ మాట రాసినాడు చూడండి, దానికి దండం పెట్టాలనిపిస్తాది.

చెట్టు కింద నుంచి లేసి మళ్లా లోపలికి పోయినా. సారు కొట్టేసిన గీత పైన ఆకలి అని ఇంకోసారి రాసి, అదే కాగితం టేబుల్ మీద పెట్టొచ్చినా. రసీదు ఇంకా ఇయ్యలేదు.