వసతిగృహమే విద్యాపీఠముగా : సురవరము ప్రతాపరెడ్డి జీవితమున ఒక ఘట్టము

హైదరాబాదు నగరమునకు పడమట ప్రొద్దుటూరు, శంకరపల్లి, చేవెళ్ల, మొయినాబాదు గ్రామములు కలవు. నిజాము పాలనలో ఈ ప్రాంతము అత్రాఫ్ బల్దా జిల్లాలో చేరియుండెడిది. దాని రాబడి సర్ఫేఖాస్ పేర ప్రభువు సొంత ఖజానాకు చెందెడిది. నగరము దగ్గరలోనే ఉన్నను ఆ పల్లెల బాలునకు కళాశాల దూరమే. ఇంట మాటాడునది తెలుగు. పైతరగతుల బోధన ఉర్దూలో. నిజాం కళాశాలలో చదువవలెనన్న ఇంగ్లీషు. ఈ మూడు భాషల చిక్కు దాటినను, నగరమున తల దాచుకొనుటకు చోటు, రెండు పూటల అన్నము దొరకుట మరియొక చిక్కు. తెలంగాణమున తెలుగు విద్యార్థి నిత్యజీవితమును తీర్చిన వారిలో సురవరము ప్రతాపరెడ్డి ముఖ్యులు. చరిత్రకారులుగా, పత్రికా సంపాదకులుగా వారు సుప్రసిద్ధులు. విద్యార్థి వసతిగృహ నిర్వాహకులుగా వారు చేసిన పని ఆ రెండింటికి పునాది అని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

ప్రతాపరెడ్డి 1896 మే 28న బోరవెల్లిలో జన్మించిరి. స్వగ్రామము నేటి జోగుళాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు. తుంగభద్రకు ఆవలి ఒడ్డున కర్నూలు ఉండుటచే వారి చదువు బ్రిటిషు పాలిత ప్రాంతమున సాగినది. అచ్చట వెల్లాల శంకరశాస్త్రిగారి సన్నిధిని సంస్కృత కావ్యములు పఠించిరి. పాఠశాల చదువు వేరు, గురుసన్నిధిలోని కావ్యపఠనము వేరు. ఒకటి పరీక్షకు, రెండవది జీవితమునకు. ఈ రెండు దారుల చదువు వారిని చివరివరకు విడువలేదు.

తరువాత వారు నిజాం కళాశాలలో చేరిరి. 1887లో స్థాపితమైన ఆ కళాశాల హైదరాబాదు నడిబొడ్డున ఉన్నను మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధితము. పరీక్షలు మద్రాసువి, బోధన ఇంగ్లీషున. అటుపై మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. చదివిరి, బి.ఎల్. పట్టమును కూడ పొందిరి. ఆనాటి మద్రాసు తెలుగు ముద్రణకు కేంద్రము. వావిళ్లవారి ముద్రణాలయము అచ్చటనే కలదు. బొంబాయిలో పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో అచ్చటికి తరలివచ్చి దినపత్రికయైనది. మద్రాసు విద్యార్థి ఉదయముననే తెలుగు దినపత్రికను చేతబట్టగలడు. హైదరాబాదు విద్యార్థికి ఆ భాగ్యము లేదు. ఈ భేదమును ప్రత్యక్షముగా ఎరిగినవారు ప్రతాపరెడ్డి.

నగరమున తెలుగు స్థితి ఎట్టిదో 1921 నవంబరు సంఘటన తెలుపుచున్నది. హైదరాబాదు వివేకవర్ధనిలో కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగినది. అందు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే ఆంధ్ర జనసంఘమునకు బీజము పడినది. పెద్దల సభలోనే తెలుగునకు ఈ గతి పట్టగా, ఉర్దూ బోధనకై వెలసిన ఉస్మానియాలోగాని, ఇంగ్లీషు నిజాం కళాశాలలోగాని చదువు పల్లెటూరి బాలుని మాతృభాష ఎచ్చట నిలువగలదు? తరగతిలో నిలువజాలదు. నిలిచిన తాను నిదురించు గదిలో, భుజించు పంక్తిలో, సాయంకాలము చేరు పఠనమందిరములో నిలువవలెను.

నగర కొత్వాలుగా ప్రసిద్ధికెక్కిన రాజా బహద్దూరు వెంకటరామారెడ్డి 1918లో రెడ్డి హాస్టలును నెలకొల్పిరి. సంస్థానాధీశులు, భూస్వాములు ధనసాహాయ్యము చేసిరి. ప్రతాపరెడ్డి కళాశాల విద్యార్థిగా నగరమున అడుగిడిన నాటికి అట్టి వసతిగృహము లేదు. తమకు దొరకని దానిని ఇతరులకు సమకూర్చు భారము 1924లో వారిపై పడినది. న్యాయవాదవృత్తిలో ధనము గడింపగల పట్టభద్రుడు, విద్యార్థుల అన్నవసతులు చూచు కార్యదర్శి పదవిని స్వీకరించుట సామాన్యము కాదు.

కార్యదర్శి పని పద్దులు వ్రాయుటతో తీరునది కాదు. భోజనశాల క్రమము తప్పరాదు, పిల్లలు వేళకు చదువవలెను, దేహపుష్టి చెడరాదు. ప్రతాపరెడ్డి వీనితోపాటు గ్రంథాలయమును వృద్ధి చేసిరి. తరగతిలో తెలుగు పుస్తకము తెరువని విద్యార్థికి, గదికి రాగానే తెలుగు గ్రంథములు, పత్రికలు అందుబాటులోనికి వచ్చినవి. వేమనను, పోతనను అతడు పరీక్షకొరకు కాక ఇష్టముకొరకు చదువవలసివచ్చినది. బలవంతము లేని చదువు నిలుచు చదువు. ఈ హాస్టలు విద్యార్థులలో ఒకరైన రావి నారాయణరెడ్డి తరువాతి కాలమున తెలంగాణ రైతాంగ పోరాట నాయకులైరి.

ఈ వ్యవస్థకు ఒక పరిమితి కలదు. అది కులము పేర వెలసిన వసతిగృహము. వైశ్య, మున్నూరుకాపు మున్నగు పేరులతో నగరమున ఇతర హాస్టళ్లు కూడ ఏర్పడినవి. చదువునకు ద్వారము తెరచిన కులమే ఆ ద్వారము వెడల్పును నిర్ణయించినది. ఏ కులసంఘమునకు ధనబలము లేదో ఆ కులపు బాలుడు వెలుపలనే నిలిచినాడు. ప్రతాపరెడ్డి కృషిని మెచ్చుటలో ఈ సత్యమును మరువరాదు. వారి తరువాతి కార్యములు మాత్రము ఆ హద్దును దాటి విస్తరించినవి. 1926 మే 10న వెలువడిన గోలకొండ పత్రిక తెలుగు పాఠకులందరిది. తెలంగాణమున కవులు లేరను ఆక్షేపణకు సమాధానముగా 1934లో ప్రకటించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు చోటు చేసుకొనిరి. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు వారే అధ్యక్షులు. అదే మహాసభ 1936లో షాద్‌నగరమున సమావేశమైనపుడు అధ్యక్షపీఠము నధిష్ఠించిన కొండా వెంకట రంగారెడ్డి మొయినాబాదు ప్రాంతపు పెద్దమంగళారమువారు.

ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వెలువడినది. రాజుల యుద్ధములను పక్కనుంచి, జనుల తిండి, బట్ట, ఆట, పండుగ, నమ్మకము అను విషయములను ప్రతాపరెడ్డి అందు చరిత్రగా గ్రహించిరి. క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యములను సాక్ష్యములుగా పరిశీలించిరి. కావ్యమును ఇట్లు చదువు దృష్టి కర్నూలు గురుసన్నిధిలో అంకురించినది. నిత్యజీవితమే చరిత్రకు మూలమను ఎరుక వంటసరకులు మొదలు గ్రంథముల వరకు తామే చూచుకొన్న వసతిగృహ జీవితమున బలపడినదని ఊహించుట అసంగతము కాదు. ప్రతాపరెడ్డి 1953 ఆగస్టు 25న దివంగతులైరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తన తొలి తెలుగు పురస్కారమును ఈ గ్రంథమునకు ప్రకటించినది.

నేడు తెలంగాణ సారస్వత పరిషత్తు అని పిలువబడు సంస్థ 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తుగా జన్మించినది ఆ రెడ్డి హాస్టలు ఆవరణలోనే. పరిషత్తు పరీక్షలు వేలాదిమందికి తెలుగు నేర్పినవి. ప్రాచ్యవిద్యాధ్యాపకులమైన మనము పాఠ్యప్రణాళికలను గూర్చి చర్చించునంతగా విద్యార్థి బసను గూర్చి చర్చింపము. కళాశాలల పాతదస్త్రములతోపాటు వసతిగృహముల ప్రవేశపట్టికలు, భోజనశాల లెక్కలు, గ్రంథాలయపు ఎరువు పుస్తకములు కూడ పరిశోధకులు సేకరింపవలసియున్నది. ఏ బాలుడు ఏ పుస్తకమును ఇంటికి కాక గదికి తీసికొనిపోయెనో తెలిసినపుడు, తెలంగాణ సాహిత్య చరిత్రలో ఇంకను వ్రాయని అధ్యాయము మనకు లభించును.