జాన్ డి. రాక్‌ఫెల్లరు: ఆర్జనమును దానమును

లోకమున ధనమార్జించినవారు పెక్కండ్రు. ఆర్జించిన దానిని దూరదేశముల ప్రజలకు సయితము ఉపయోగపడునట్లు ఒక పద్ధతిలో నుంచిపోయినవారు కొందఱే. అట్టివారిలో నొకడగు జాన్ డి. రాక్‌ఫెల్లరు చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా దెలుపుచున్నాము.

ఈయన 1839వ సంవత్సరము జూలై 8వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందు రిచ్‌ఫర్డు గ్రామమున జన్మించెను. తండ్రి మందులమ్ముచు ఊరూర దిరుగువాడగుటచే గృహభారము తల్లి ఎలైజాపై బడెను. ఆమె దైవభక్తియు పొదుపును గలది. రాక్‌ఫెల్లరు 1855లో, పదునాఱేండ్ల ప్రాయమున, క్లీవ్‌లండు పట్టణమున నొక వర్తకుల కొట్టులో లెక్కలు వ్రాయు పనికి గుదిరెను. జీతము స్వల్పమేయైనను, ఆయన జమాఖర్చుల పుస్తకమున దానధర్మముల పద్దు నాటినుండియే కలదు.

1870లో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని స్థాపించి, కిరసనాయిలు వర్తకమున నసమాన ధనికుడయ్యెను. అయితే రైలు కంపెనీలతో రహస్యముగా నొడంబడి కిరాయి తగ్గించుకొనుటయు, పోటీవర్తకులను లొంగదీయుటయు నాయన మార్గములుగా నుండెను. 1911లో ఆ దేశపు సుప్రీముకోర్టు ఆ కంపెనీని విడగొట్ట నాజ్ఞాపించెను. 1914లో ఆయన కుటుంబమున కధికారముగల గనుల కంపెనీలో సమ్మె జరుగగా, లడ్లో అనుచోట కూలీల గుడారములు తగులబడి స్త్రీలును పసిపిల్లలును మరణించిరి. ఈ సంగతులను మఱుగుపఱచుట న్యాయముగాదు.

యాచించిన వారికెల్ల నించుక నిచ్చుటకంటె, కష్టమునకు మూలమును వెదకి తొలగించుట మేలని 1891 మొదలు ఆయన దానములను జూచుచుండిన గేట్సు అను పాదిరి బోధించెను. 1909లో అమెరికా దక్షిణరాష్ట్రములందు కొంకిపురుగు వ్యాధిపై పని ప్రారంభమయ్యెను. ఈ పురుగు నేలనుండి వట్టికాళ్లగుండ శరీరమున జొచ్చి రక్తమును పీల్చును. జనులు సోమరులని నిందింపబడినవారిలో పెక్కురు నిజమునకు రోగులే! మందుతోపాటు మరుగుదొడ్లును పాదరక్షలును వలయునని ప్రజలకు నేర్పిరి.

1913లో రాక్‌ఫెల్లరు ఫౌండేషను నెలకొల్పబడెను. ఆయన దానికి పదికోట్ల డాలర్ల మూలధన మొసగెను. 1914లో బ్రిటిషు గయానాయందు ఆరంభించి, ఆ చికిత్సను అనేక దేశములకు వ్యాపింపజేసిరి. ఆయా ప్రభుత్వములు వ్యయములో పాలుగొని, క్రమముగా పనినంతను తామే స్వీకరింపవలెనని నియమముండెను. 1921లో చైనాలోని పీకింగున వైద్యకళాశాల ప్రతిష్ఠింపబడెను. పశ్చిమాఫ్రికాలో యెల్లో ఫీవరను జ్వరమును పరిశోధించుచు 1927లో స్టోక్సును, 1928లో నొగుచియు ఆ జ్వరమునకే బలియైరి. 1937లో థెయిలరు దానికి టీకా సిద్ధపఱచెను. ఆ యేడే మే 23వ తేదీన రాక్‌ఫెల్లరు తన 97వ యేట గతించెను.

ఆయన యనంతరమును పని నిలువలేదు. 1943లో మెక్సికోయందు గోధుమ పరిశోధన మొదలయ్యెను. 1960లో ఫోర్డు ఫౌండేషనుతో గలిసి ఫిలిప్పీనులలో వరి పరిశోధనాలయమును స్థాపించిరి. అచ్చట 1966లో వెలువడిన ఐ.ఆర్. 8 వరిని మఱుసటి యేడే పశ్చిమ గోదావరి మండలపు ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అను రైతు పండించెను. ఎరువును నీరును గలవారికి లాభము హెచ్చెను, లేనివారికంతగా దక్కలేదు.

దానము వలన ఆర్జనమందలి దోషము మాసిపోవునని మేము చెప్పజాలము. దోషముండుటచే దానఫలము లేదనియు జెప్పరాదు. విద్యార్థులారా, రెండు పద్దులను వేర్వేఱుగ జూడుడు. ఇచ్చినవాడు గతించిన పిమ్మట పుచ్చుకొన్నవారు తామే సాగింపగల దానమే నిలుచునదని ఈ చరిత్రమువలన దెలియుచున్నది.