కణాల ఆయుష్షు లెక్క చెప్పిన హోమీ భాభా



ఈసారి గోడ పత్రికకు ఒక శాస్త్రవేత్త జీవిత చరిత్ర రాయమని సైన్సు మేడం చెప్పింది. నేను డాక్టర్ హోమీ జహంగీర్ భాభా గురించి రాస్తున్న. ఆయననే ఎందుకు ఎంచుకున్ననో ముందు చెప్తాను.

పోయిన సంవత్సరం మా క్లాసు వాళ్లను హైదరాబాద్ తీసుకపోయిండ్రు. నాంపల్లి స్టేషన్‌లో దిగి నడుచుకుంట అబిడ్స్ పోయినం. ఆ రోజు ఆదివారం. మూసిన దుకాణాల ముందట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కుప్పలు పోసి అమ్ముతున్నరు. అన్ని పుస్తకాలు ఒక్క దగ్గర నేను ఎన్నడూ చూడలేదు. మా ఇంట్ల బ్యాంకు పుస్తకం తప్ప వేరే పుస్తకం లేదు. గాజులు కొనుక్కొమ్మని అవ్వ ఇచ్చిన 20 రూపాయలతో నేను అట్ట లేని ఒక చిన్న పుస్తకం కొన్న. అది భాభా కథ. అందులో ఆయన నెహ్రూగారి పక్కన నిలబడ్డ బొమ్మ ఉంది. అబిడ్స్ చౌరస్తాలో నెహ్రూ విగ్రహం చూసి వచ్చినం కాబట్టి వెంటనే గుర్తుపట్టిన. ఆ పుస్తకానికి చివరి పేజీలు కూడా లేవు.

భాభా 1909 అక్టోబర్ 30న బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో జన్మించారు. తండ్రి జహంగీర్ లాయరు. తల్లి పేరు మెహెర్‌బాయి. వాళ్ల ఇంట్లోనే లైబ్రరీ ఉండేది. భాభాకు సంగీతం అంటే ఇష్టం. బొమ్మలు కూడా చాలా బాగా వేసేవారు. ఇది చదివి నాకు కొంచెం కోపం వచ్చింది. అన్నీ ఉన్నోళ్లు గొప్పోళ్లు అయితే అందులో ఏముంది అనుకొని పుస్తకం పక్కన పెట్టిన. కాని కొన్ని రోజులకు మళ్లీ తీసి చదివితే ఆయనకు కూడా ఒక అడ్డం వచ్చిందని తెలిసింది.

1927లో ఆయన ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్లారు. కొడుకు ఇంజనీరు అయి జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో పనిచేయాలని తండ్రి కోరిక. భాభా మనసు మాత్రం భౌతికశాస్త్రం మీద ఉంది. ఆ మాట దాచకుండా తండ్రికి ఉత్తరం రాశారు. తండ్రి ఒక షరతు పెట్టారు. ముందు ఇంజనీరింగ్‌లో ఫస్ట్ క్లాస్ తెచ్చుకుంటే తర్వాత ఇష్టమైనది చదువుకోవచ్చు అన్నారు. 1930లో భాభా ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యారు. తండ్రి మాట నిలబెట్టుకున్నారు. ఈ పేజీ నేను చాలాసార్లు చదివిన. ఎందుకో చివర చెప్తాను.

ఇప్పుడు ఆయన చేసిన పని. ఆకాశం నుంచి మన మీద ఎప్పుడూ కంటికి కనబడని కణాలు పడుతుంటాయి. వాటిని కాస్మిక్ కిరణాలు అంటారు. అవి పైన గాలికి తగిలి కొత్త కణాలు పుట్టిస్తాయి. అందులో ఒకటి మ్యూయాన్. దాని ఆయుష్షు సెకనులో పది లక్షల వంతులు చేస్తే రెండు వంతుల కంటే కొంచెం ఎక్కువ, అంతే. అంతసేపట్లో వెలుగంత వేగంతో ఉరికినా 660 మీటర్లే పోవాలి. కాని పది పదిహేను కిలోమీటర్ల ఎత్తులో పుట్టింది నేల దాకా వస్తది. ఎట్ల? చాలా వేగంగా పోయే దాని గడియారం మనకు మెల్లగా నడుస్తున్నట్టు ఉంటుందని ఐన్‌స్టీన్ చెప్పారు. దాని ప్రకారం వేగంగా పోయే కణం మన లెక్కలో ఎక్కువ కాలం బతకాలని 1938లో భాభా రాశారు. 1941 నాటికి అమెరికాలో కొలిచి చూస్తే అది నిజమేనని తేలింది.

1939లో భాభా సెలవులకు ఇండియా వచ్చారు. అప్పుడే యుద్ధం మొదలైంది, తిరిగి పోలేకపోయారు. బెంగళూరులో సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. 1948లో అణుశక్తి సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఎన్ని పదవులు వచ్చినా కాస్మిక్ కిరణాలను వదల్లేదు. బెలూన్లకు పరికరాలు కట్టి పైకి పంపించారు. కిందికి కూడా చూడాలని 1951లో తన దగ్గరి శ్రీకంటన్ అనే విద్యార్థిని కోలార్ బంగారు గనుల్లోకి పంపారు. అవి మన తెలుగువాళ్లు ఎంతోమంది పనిచేసిన గనులు. 1965లో అక్కడ రెండు కిలోమీటర్లకు పైగా లోతులో న్యూట్రినో అనే కణం జాడ దొరికింది.

1966 జనవరి 24న భాభా వెళ్తున్న విమానం జెనీవాలో దిగబోయే ముందు మౌంట్ బ్లాంక్ అనే మంచు కొండకు తగిలి కూలింది. 117 మంది చనిపోయారు. ఆయన వయసు 56 సంవత్సరాలే.

మనిషి పోయినా పని ఆగలేదు. 1969లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు హైదరాబాద్‌లోనే పెద్ద బెలూన్ల కేంద్రం పెట్టారు. 1975లో కోలార్ గనిలో ఒక వింత చూసినట్టు శాస్త్రవేత్తలు రాశారు. కణాల జాడలు రాయిలో కాకుండా ఖాళీ గాలిలో, నడుమల నుంచి మొదలైనయి. ఇది నాకు మా తాత వల్ల అర్థమైంది. తాత అడవిలో జాడ చూసి ఏ జంతువు పోయిందో చెప్తడు. ఒకసారి వాగు ఇసుకలో చిరుత అడుగులు నడుమల నుంచే మొదలైనయి. అది బండ మీద నడిచి దుంకింది, బండ మీద జాడ పడదు అని తాత చెప్పిండు. గనిలో కూడా అంతే అనుకున్నారు. జాడ పడని ఒక కొత్త కణం కొంత దూరం బతికి వచ్చి, గాలిలో పగిలి ఉండాలి. కాని తర్వాత యంత్రాలతో వెతికితే అది దొరకలేదు.

జెనీవా దగ్గర భూమికి వంద మీటర్ల లోతులో 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగం ఉంది. 2009 నుంచి అందులో ప్రోటాన్లను సెకనుకు 11 వేల చుట్లకు పైగా తిప్పి ఢీకొట్టించారు. 2012లో హిగ్స్ కణం దొరికింది అక్కడే. ఢీకొన్న చోట కాకుండా దూరంగా నడుమల మొదలయ్యే జాడలున్నాయా అని కూడా వెతుకుతున్నారు. అట్లాంటి కొత్త కణం ఇంకా దొరకలేదు. ఆ పనిలో భాభా పెట్టిన టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లూ ఉన్నారు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు అక్కడి నుంచి మౌంట్ బ్లాంక్ కనిపిస్తదట.

ఇప్పుడు నా మాట. మా అక్కను ఏడో తరగతిల మాన్పించిండ్రు. నన్ను పది దాకనే అన్నరు. మొన్న పండుగకు ఇంటికి పోయినప్పుడు భాభా తండ్రి పెట్టిన షరతు గురించి మా బాపుకు చెప్పిన. పదిల ఫస్ట్ క్లాస్ తెస్తే నన్ను ఇంటర్‌ల ఎంపీసీ చదివియ్యాలని అడిగిన. బాపు చాలాసేపు ఏం మాట్లాడలేదు. గురుకుల కాలేజీల ఫీజు ఉండదా అని అడిగిండు. ఉండదని చెప్పిన. రిజల్టు రానియ్యి, చూద్దాం అన్నడు. కాదనలేదు.

పుస్తకానికి చివరి పేజీలు లేవు కదా. భాభా చివరి రోజుల గురించి, తర్వాత జరిగిన దాని గురించి మేడం చెప్పింది విని, నోట్‌బుక్ కాగితం మీద రాసి సూదితో కుట్టిన. చదవాలనుకున్నోళ్లు నన్ను అడగండి, ఇస్తాను. కాని తిరిగి ఇయ్యాలి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని