ఫిలిప్ హెన్రీ గాస్

ఫిలిప్ హెన్రీ గాస్ (ఏప్రిల్ 6, 1810 - ఆగష్టు 23, 1888) ఇంగ్లాండుకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త, చిత్రకారుడు, గ్రంథకర్త. సముద్ర జీవులను తీరానికి దూరంగా, ఇంటిలోని గాజు తొట్టెలో ప్రాణాలతో నిలిపి ఉంచే పద్ధతిని సామాన్య పాఠకులకు అందుబాటులోకి తెచ్చినవాడు. ఈనాడు అనేక భాషలలో వాడుతున్న అక్వేరియం అనే మాటకు ప్రస్తుత అర్థాన్ని స్థిరపరచినది కూడా ఇతడే. తొట్టెలోకి ప్రాణిని తీసుకురావడానికి ముందు నీటిని సిద్ధపరచాలని ఇతడు చెప్పిన నియమం నేటికీ ఉప్పునీటి చేపలను పెంచేవారికి మొదటి పాఠం. అయితే ఈ విద్య జనంలో వ్యాపించిన తీరు, ఇతడు ప్రేమించిన సముద్రతీరాలకే చేటు తెచ్చింది.

బాల్యం

గాస్ ఇంగ్లాండులోని ఊస్టర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి థామస్ గాస్ ఊరూరా తిరుగుతూ చిన్న పరిమాణంలో వర్ణచిత్రాలు గీసి జీవించేవాడు. ఆ సంపాదన కుటుంబానికి చాలేది కాదు. గాస్ బాల్యమంతా డార్సెట్ ప్రాంతంలోని పూల్ అనే ఓడరేవు పట్టణంలో గడిచింది. తండ్రి నుండి సూక్ష్మచిత్రకళ అబ్బింది. తరువాతి కాలంలో ఇతని పుస్తకాలలోని సముద్రజీవుల బొమ్మలకు అంత పేరు రావడానికి ఈ శిక్షణే మూలం. పూల్ లో ఉండే సుసాన్ బెల్ అనే మేనత్త, తీరంలో దొరికే సీ అనిమోన్లను (పువ్వు ఆకారంలో ఉండి, రాళ్ళను అంటిపెట్టుకుని బ్రతికే జంతువులు) సముద్రపు నీటి గిన్నెలో ఉంచి గమనించడం ఈ బాలునికి నేర్పింది. ఆమె కుమారుడు థామస్ బెల్ తరువాత ప్రసిద్ధ జంతుశాస్త్రజ్ఞుడయ్యాడు.

ప్రవాస జీవితం

పదిహేడేళ్ళ వయసులో, 1827లో, గాస్ గుమాస్తాగా న్యూఫౌండ్‌లాండ్ లోని కార్బనీర్ రేవుకు వెళ్ళాడు. అక్కడ చేపలు, సీలు చర్మాల వర్తకం చేసే సంస్థలో ఎనిమిదేళ్ళు లెక్కలు వ్రాశాడు. 1832లో సూక్ష్మదర్శిని గురించిన ఒక పాత పుస్తకాన్ని కొన్నాడు. కీటకాల సేకరణ మొదలయింది. మతవిశ్వాసం గాఢపడినది కూడా ఆ సంవత్సరమే. ఈ రెండూ జీవితాంతం ఇతనిని విడువలేదు.

1835లో కెనడాలో వ్యవసాయం చేయబోయి నష్టపోయాడు. 1838లో అమెరికాలోని అలబామాకు వెళ్ళి కొన్ని నెలలు బడిపంతులుగా పనిచేశాడు. అక్కడి బానిసత్వాన్ని కళ్ళారా చూసి, మనసు విరిగి 1839లో స్వదేశానికి తిరిగివచ్చాడు. 1840లో తొలి పుస్తకం ది కెనడియన్ నేచురలిస్ట్ వెలువడింది. 1844లో జమైకాకు వెళ్ళి 1846 వరకు అక్కడ పక్షులను అధ్యయనం చేశాడు. ఆ ద్వీపపు పక్షులపై 1847లో ప్రచురించిన గ్రంథం ఇతనికి శాస్త్రజ్ఞులలో గుర్తింపు తెచ్చింది.

1848లో ఎమిలీ బోవ్స్ అనే రచయిత్రిని వివాహమాడాడు. భార్యాభర్తలిరువురూ ప్లిమత్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖకు చెందినవారు. వీరి ఏకైక కుమారుడు ఎడ్మండ్ 1849 సెప్టెంబరు 21న జన్మించాడు. ఆనాటి దినచర్యలో గాస్ కొడుకు పుట్టిన సంగతిని, జమైకా నుండి ఒక పచ్చని వానకోవెల నమూనా అందిన సంగతిని పక్కపక్కనే నమోదు చేసుకున్నాడు. దీనిని చూపి ఇతనిని హృదయం లేనివాడని అన్నవారున్నారు. కానీ దినచర్యలో దేనినైనా క్లుప్తంగా వ్రాసుకునే అలవాటున్న మనిషి గురించి ఒక్క వాక్యంతో తీర్పు చెప్పడం న్యాయం కాదు.

అక్వేరియం

అతిశ్రమ వలన ఆరోగ్యం చెడి, 1852 ఆరంభంలో గాస్ లండను విడిచి డెవన్ తీరానికి చేరాడు. మొదట సెయింట్ మేరీచర్చ్, తరువాత ఇల్ఫ్రాకూమ్ అతని మకాములు. ఆటు సమయంలో సముద్రం వెనుదీసినపుడు బండల నడుమ నిలిచే నీటిగుంటలే ఆయన ప్రయోగశాల. నడుము లోతు నీటిలో నిలిచి, సుత్తి, ఉలి పట్టుకుని, జీవులు అంటుకున్న రాతిముక్కలను వేరుచేసేవాడు. ఈ అనుభవాలను 1853లో డెవన్ తీర విహారాల పుస్తకంగా వెలువరించాడు.

సముద్రజీవులను తొట్టెలో పెంచిన మొదటి వ్యక్తి గాస్ కాదు. సిసిలీ ద్వీపంలోని మెస్సినాలో జాన్ విల్‌ప్రూ పవర్ అనే మహిళ 1832లోనే గాజు తొట్టెలు కట్టించి ఆర్గోనాట్ అనే జీవిని పరిశీలించింది. లండనులో అన్నా థిన్ అనే మరొక మహిళ 1840ల చివరలో పగడపు జీవులను పెంచింది. నీటిలో గాలి కలవడానికి ఆమె ఇంటి పనిమనిషి ఆ నీటిని ఒక పాత్ర నుండి మరొక పాత్రలోకి ఎత్తి పోసేది. రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ 1850లో మంచినీటి తొట్టెలో మొక్కలు, చేపలు, నత్తలు ఒకదానికొకటి ఆధారమై జీవించగలవని చూపించాడు. చేప విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకుంటుంది, వెలుతురులో మొక్క విడిచిన ప్రాణవాయువు చేపకు అందుతుంది, కుళ్ళిన ఆకులను నత్త తింటుంది. ఇదే సూత్రాన్ని వారింగ్టన్, గాస్ లు వేరువేరుగా సముద్రపు నీటికి వర్తింపజేశారు.

1853 మే నెలలో లండనులోని రీజెంట్స్ పార్క్ జంతుప్రదర్శనశాలలో మొట్టమొదటి ప్రజా అక్వేరియం ప్రారంభమయింది. దానిలోని సముద్రజీవులలో అనేకం గాస్ సేకరించి ఇచ్చినవే. ఆ సంవత్సరం వేమత్ తీరంలో ఉండి, వలలతో సముద్రపు అడుగును గాలించి జీవులను పంపాడు. 1854లో ది అక్వేరియం అనే గ్రంథం రంగుల చిత్రాలతో వెలువడింది. లాటిన్ లో ఆ మాటకు పశువులు నీరు త్రాగే చోటు అని అర్థం. వృక్షశాస్త్రజ్ఞులు నీటి మొక్కల తొట్టెకు అప్పటికే వాడుతున్నారు. అప్పటివరకు వివేరియం, ఆక్వా వివేరియం వంటి పేర్లు వాడిన గాస్, పలకడానికి తేలికని ఈ చిన్న మాటను ఎంచుకున్నాడు. 1855లో దీని సంక్షిప్త రూపంగా ఒక చిన్న కరదీపికను ప్రచురించాడు.

లండను వంటి చోట సముద్రపు నీరు దొరకడమే పెద్ద చిక్కు. నదీముఖానికి ఆవల నుండి ఓడవారి చేత శుభ్రమైన పీపాలో తెప్పించుకోవలసి వచ్చేది. అందువలన గాస్ ష్వైట్జర్ అనే రసాయనవేత్త చేసిన సముద్రజల విశ్లేషణను ఆధారంగా తీసుకుని కృత్రిమ సముద్రజలాన్ని తయారుచేశాడు. నాలుగున్నర లీటర్లకు కొంచెం తక్కువ నీటిలో సుమారు 100 గ్రాముల మామూలు ఉప్పు, 7 గ్రాముల ఎప్సమ్ లవణం, 13 గ్రాముల మెగ్నీషియం క్లోరైడు, రెండున్నర గ్రాముల పొటాషియం క్లోరైడు కలిపాడు. సున్నం వంటి మిగిలిన వాటిని స్వల్పమని వదిలివేశాడు. ఈనాడు దుకాణాలలో అమ్మే ఉప్పుమిశ్రమాలలో సున్నపు లవణాలు తప్పక ఉంటాయి. పగడాలకు, గుల్ల జీవులకు అవి అత్యవసరం.

కొత్త ప్రాణిని తొట్టెకు అలవాటు చేయడం

గాస్ పద్ధతిలో అసలైన విశేషం లవణాల పాళ్ళలో కంటె క్రమంలో ఉంది. నీటిని కలిపిన రోజున ఏ జంతువునూ అందులో వేయలేదు. మొదట రాతిముక్కలకు అంటుకుని ఉన్న పచ్చని సముద్రపు నాచును మాత్రమే ఉంచాడు. రాతి నుండి ఊడదీసిన నాచు బ్రతకదు కనుక, రాయితో సహా చెక్కి తేవాలని హెచ్చరించాడు. కొన్ని రోజులు గడిచి, నీటిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు పుట్టుకువచ్చిన తరువాతనే జంతువులను ఒక్కొక్కటిగా చేర్చాడు.

ఈ నిరీక్షణకు ఆయన చెప్పుకున్న కారణం నాచు విడిచే ప్రాణవాయువు. అది సగం నిజం. చేప మొప్పల నుండి అమ్మోనియా నిరంతరం వెలువడుతుంది. అది విషం. రాళ్ళ మీద, ఇసుకలో స్థిరపడే బాక్టీరియా దానిని మొదట నైట్రైటుగా, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. ఈ బాక్టీరియాను వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపినది 1890 ప్రాంతంలో, అంటే గాస్ మరణించిన తరువాత. తీరం నుండి తెచ్చిన రాతిముక్కలతో పాటు ఆ బాక్టీరియా కూడా గాస్ తొట్టెలోకి వచ్చి ఉంటుంది. అక్కరకు వచ్చిన ఆ తోడును ఆయన ఎరుగడు. ఇప్పుడు ఉప్పునీటి తొట్టెను చేపలు లేకుండా కొన్ని వారాలు నడపడం, ప్రాణమున్న రాళ్ళను ముందుగా ఉంచడం ఈ కారణం చేతనే.

ఆయన ఇచ్చిన ఇతర సలహాలు కూడా పరిశీలన నుండి పుట్టినవే. పెద్దవాటి కంటె చిన్న ప్రాణులు కొత్తచోట త్వరగా నిలదొక్కుకుంటాయి. తొట్టెను కిక్కిరిసేలా నింపరాదు. వెలుతురు కావాలి కాని మండే ఎండ తగలరాదు, దాగడానికి రాళ్ళ నీడ ఉండాలి. ఆవిరి అయిన మేరకు మంచినీరు మాత్రమే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. ఉప్పునీరే పోస్తూ పోతే తొట్టె నానాటికి చిక్కనవుతుంది. చచ్చినదానిని వెంటనే తీసివేయాలి, ఒక్క కళేబరం చాలు నీరంతా నల్లబడి కంపు కొట్టడానికి. గాజు మీద పేరుకునే నాచును మేయడానికి సముద్రపు నత్తలను ఉంచాలి. పోట్లాట మరిగిన పీతలను మెత్తని జీవులతో కలపరాదు. నీటిని పైనుండి బొట్లుబొట్లుగా పడనివ్వడం, పిచికారీతో చిమ్మడం వలన గాలి కలుస్తుంది.

కొత్తగా తెచ్చిన చేపను ఇప్పటివారు వేరే తొట్టెలో కొన్ని వారాలు ఉంచి, రోగం లేదని తేలాక అసలు తొట్టెలోకి మారుస్తారు. తెచ్చిన నీటిలోకి తొట్టె నీటిని బొట్టుబొట్టుగా కలుపుతూ ఉష్ణోగ్రతకు, ఉప్పదనానికి అలవాటు చేస్తారు. మొదటి రోజు దీపాలు తగ్గిస్తారు. గాస్ చేపలు చాలావరకు స్థానిక తీరంలోనివి కావడం వలన ఇంత జాగ్రత్త ఆయనకు అవసరపడలేదు. మొక్కల మీదనే ఆధారపడిన ఆయన పద్ధతి పెద్ద తొట్టెలకు సరిపోలేదు. ఆయన పుస్తకాల ప్రేరణతో ఈ వృత్తిలోకి వచ్చిన విలియం ఆల్ఫర్డ్ లాయిడ్, నేలక్రింద చీకటి జలాశయం కట్టి నీటిని నిరంతరం త్రిప్పే ఏర్పాటుతో 1871లో లండను క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంను నడిపి ఆ లోపాన్ని సరిదిద్దాడు.

తీరానికి కలిగిన నష్టం

గాస్ పుస్తకాలు విడుదలైన కొద్ది సంవత్సరాలలోనే ఇంగ్లాండులో ఇంటింటా సముద్రపు తొట్టె ఒక వేడుకగా మారింది. 1855లో ఆయనే ఇల్ఫ్రాకూమ్ తీరంలో విద్యార్థులను వెంటబెట్టుకుని పాఠాలు చెప్పాడు. రైలుమార్గాలు పడటంతో నగరవాసులు గుంపులుగా తీరానికి వచ్చి, దొరికిన ప్రతి ప్రాణినీ బుట్టలలో నింపుకునిపోయారు. వాటిలో అధికభాగం నిలవక చచ్చాయి. నీటిని సిద్ధం చేయమన్న అధ్యాయం కంటె అందమైన బొమ్మలనే ఎక్కువమంది చదివారు కాబోలు. ఒకప్పుడు పూలతోటల వలె కళకళలాడిన నీటిగుంటలు బోసిపోయాయని, తమ తండ్రి దీనికి తీవ్రంగా బాధపడ్డాడని ఎడ్మండ్ గాస్ తరువాత వ్రాశాడు. గాస్ సుత్తి, ఉలి కూడా ఇందులో పాలుపంచుకున్నవే అన్నది మరువరాదు.

ఓంఫలోస్

1856లో గాస్ రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. 1857 ఫిబ్రవరిలో ఎమిలీ రొమ్ము క్యాన్సరుతో, ఎంతో యాతన అనుభవించి మరణించింది. అదే సంవత్సరం ఓంఫలోస్ అనే పుస్తకాన్ని ప్రచురించాడు. భూమి సృష్టి జరిగిన క్షణంలోనే వయసు మళ్ళిన గుర్తులతో, శిలాజాలతో సహా ఏర్పడిందని అందులోని వాదం. అటు శాస్త్రజ్ఞులు, ఇటు మతస్థులు కూడా దీనిని ఆమోదించలేదు. మిత్రుడైన చార్లెస్ కింగ్స్‌లీ సైతం తిరస్కరించాడు. గాస్ ఈ దెబ్బనుండి పూర్తిగా తేరుకోలేదు. కొడుకును తీసుకుని సెయింట్ మేరీచర్చ్ కు వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. అయినా పరిశీలన ఆగలేదు. బ్రిటిష్ సీ అనిమోన్లు, పగడాలపై 1860లో పూర్తిచేసిన గ్రంథం ఇతని శాస్త్రకృషిలో అన్నిటికంటె నిలకడైనది. చార్లెస్ డార్విన్ తో సిద్ధాంతంలో పొసగకపోయినా ఇరువురి మధ్య జీవుల గురించి ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి.

చివరి సంవత్సరాలు

1860లో ఎలిజా బ్రైట్వెన్ ను రెండవ వివాహం చేసుకున్నాడు. ఆమెకు లభించిన వారసత్వం వలన జీవనోపాధి కొరకు వ్రాయవలసిన అగత్యం తరువాతి రోజులలో తప్పింది. ఆర్కిడ్ మొక్కలు పెంచాడు. హడ్సన్ తో కలిసి రోటిఫెర్లు అనే సూక్ష్మజీవులపై 1886లో పెద్ద గ్రంథం వెలువరించాడు. చలికాలపు రాత్రి దూరదర్శినితో నక్షత్రాలను చూస్తూ ఉండగా పట్టిన జలుబు ముదిరి మంచం పట్టాడు. 1888 ఆగష్టు 23న సెయింట్ మేరీచర్చ్ లో మరణించాడు. ఎడ్మండ్ 1890లో తండ్రి జీవితచరిత్రను, 1907లో ఫాదర్ అండ్ సన్ అనే ఆత్మకథాత్మక గ్రంథాన్ని రచించాడు. రెండవ పుస్తకం ఎక్కువగా చదవబడటం వలన గాస్ చాలాకాలం కఠినుడైన తండ్రిగానే పాఠకులకు తెలిశాడు. ఆన్ త్వైట్ 2002లో వ్రాసిన జీవితచరిత్ర ఆ చిత్రాన్ని కొంతవరకు సవరించింది.