నేర్చుకుంటూనే నేర్పిన రాజా దీన్‌దయాళ్

హనుమకొండ వేయి స్తంభాల గుడిని, ఖిలా వరంగల్ శిథిలాలను కెమెరాకెక్కించిన తొలితరం ఛాయాగ్రాహకులలో రాజా లాలా దీన్‌దయాళ్ ముఖ్యులు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకునిగా ఆయన పేరు ఈ ప్రాంతపు చదువరులకు కొత్త కాదు. అయితే ముప్పయ్యేళ్ళ వయసు వచ్చేదాకా ఆయన చేసిన పని వేరనీ, ఫొటోగ్రఫీలో తాను ఇంకా తడుముకుంటున్న రోజుల్లోనే కొడుకులకూ, పనివాళ్ళకూ దాన్ని నేర్పవలసి వచ్చిందనీ తెలిసినవారు తక్కువ.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించారు. వారిది నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. కుర్రవాడు మాత్రం నగల కొట్లో కూర్చోలేదు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరి, 1866లో చదువు ముగించుకుని, ఇందూరు సంస్థానంలో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగానికి కుదిరారు. కట్టడాల ఖర్చు అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఆ ఉద్యోగంలోని పని. ఆయన తీసిన గుడులు, కోటల చిత్రాలలో స్తంభాలు ఒరగకుండా నిలువుగా నిలబడి ఉంటాయి. గీత గీసే చేతికి అలవడిన క్రమశిక్షణ అది అనుకోవచ్చు.

ఫొటోగ్రఫీలోకి ఆయన దిగింది 1874 ప్రాంతంలో. ఆనాటికి ఈ విద్య నేర్పే చోట్లు దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే. మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు 1850లో స్థాపించిన కళాశాలలో ఆ దశకంలోనే ఫొటోగ్రఫీ బోధన మొదలయింది. బొంబాయిలో ఎల్ఫిన్‌స్టన్ సంస్థ 1855లో ఒక తరగతి నడిపింది. ఇందూరులో నక్షాలు గీసే ఉద్యోగికి ఇవేవీ అందుబాటులో లేవు. సెలవు దొరికిన వేళల్లో, చేతులు నల్లబరచుకుంటూ, ప్లేట్లు పాడుచేసుకుంటూ నేర్చుకోవలసిందే.

చేతులు నల్లబరచుకోవడం అన్నది మాటవరసకు కాదు. అప్పటి పద్ధతిలో గాజు పలక మీద కలోడియన్ అనే జిగురు ద్రావణాన్ని సమంగా పోసి, దాన్ని సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీయాలి. తీసిన పది పదిహేను నిమిషాలలోపే చీకట్లో కడగాలి. ఆలస్యమైతే పలక ఎండిపోయి బొమ్మ రాదు. అందుకే ఊళ్ళు తిరిగే ఛాయాగ్రాహకుడు కెమెరాతో పాటు చీకటి డేరా, సీసాలు, తొట్లు, నీళ్ళు, బరువైన గాజు పలకల పెట్టెలు బండి మీద వేసుకుని తిరగవలసి వచ్చేది. సిల్వర్ నైట్రేట్ తగిలితే వేళ్ళు నల్లబడి రోజుల తరబడి ఆ మరక వదలదు. ఎండలు మండే మన దేశంలో తడి ఇంకా తొందరగా ఆరిపోతుంది. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పలక పోసేవాడొకడు, నీళ్ళందించేవాడొకడు, డేరా పట్టేవాడొకడు ఉంటేనే బొమ్మ దక్కేది. కాబట్టి ఈ వృత్తిలో దిగినవాడు తనకు పూర్తిగా వచ్చినా రాకపోయినా పక్కవాడికి నేర్పక తప్పేది కాదు. తొట్టి దగ్గర నిలబడిన కుర్రవాడు పొరబడితే గురువుగారి బొమ్మే పోతుంది మరి.

దీన్‌దయాళ్‌కు ఇందూరు మహారాజు రెండవ తుకోజీ రావు ఆదరణ, మధ్య భారతంలో బ్రిటిష్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ ప్రోత్సాహం లభించాయి. 1875-76లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఈ దేశ పర్యటనకు వచ్చినప్పుడు ఆయన చిత్రాలు తీశారు. 1882-83లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ తిరిగి అక్కడి కోటలు, గుడులు తీశారు. ఆ చిత్రాలతో మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాలపై 1886లో గ్రంథం వెలువడింది. 1885లో వైస్రాయి డఫ్రిన్ ఆయనను తన ఛాయాగ్రాహకునిగా నియమించారు. కెమెరా పట్టిన పదకొండేళ్ళకు దక్కిన గౌరవమిది.

నిజాం కొలువుకు దారి కూడా ఆ రోజుల్లోనే పడింది. మహబూబ్ అలీఖాన్ పదిహేడేళ్ళ వయసులో, 1884లో పూర్తి అధికారాలు చేపట్టారు. తన రాజ్యాన్నీ, కొలువునూ బొమ్మల్లో చూసుకోవాలని ముచ్చటపడిన యువ ప్రభువు, నలభయ్యేళ్ళ దీన్‌దయాళ్‌ను చేరదీశారు. ఆయన ఇందూరు ఉద్యోగం వదులుకుని, 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు. సికింద్రాబాదు నుంచి వరంగల్ దాకా రైలు మార్గం వేసిందీ ఆ ఏడే. బెజవాడ దాకా అది 1889లో పూర్తయింది. కెమెరా పెట్టెలతో మన ప్రాంతానికి రావడం అప్పటి నుంచి సులువైంది.

సికింద్రాబాదు వచ్చాక దీన్‌దయాళ్ మళ్ళీ విద్యార్థి అయ్యారు. అంతవరకూ ఆయన చేయి తిరిగిన పని ఆరుబయట కట్టడాలు తీయడం. స్టూడియోలో మనుషులను కూర్చోబెట్టి తీయడం వేరే విద్య. గుడి కదలదు, కనురెప్ప వేయదు. నవాబుగారు కదులుతారు, పిల్లలు ఏడుస్తారు. పై నుంచి, పక్క నుంచి వచ్చే వెలుతురును తెరలతో అదుపు చేయాలి. వెనుక రంగుల పరదా, ముందు కుర్చీ, బల్ల, పూలకుండీ ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. నెగెటివు మీద సన్నని పెన్సిలుతో ముఖంలోని మచ్చలు దిద్దాలి.

అదే సమయంలో తడి పలకల యుగం ముగిసింది. 1880 తరువాత కర్మాగారాల్లో తయారై, పెట్టెల్లో వచ్చే జెలటిన్ పొడి పలకలు వాడుకలోకి వచ్చాయి. వాటిని ముందే కొని దాచుకోవచ్చు, తీసిన తరువాత తీరిగ్గా కడుక్కోవచ్చు. చీకటి డేరా బాధ తప్పింది. పని తేలికైంది గాని, పదేళ్ళు కష్టపడి చేతికి తెచ్చుకున్న విద్యలో సగం ఒక్కసారిగా అక్కరకు రాకుండా పోయింది. ఎంతసేపు వెలుతురు తగలనివ్వాలి, ఏ మందుతో కడగాలి అన్న లెక్కలన్నీ కొత్తవే. కొత్తగా చేరిన కుర్రవాడికీ, వైస్రాయి ఛాయాగ్రాహకునికీ ఆ పొడి పలక ముందు పెద్ద తేడా లేదు. ఒక విధంగా కుర్రవాడిదే మేలు. అతనికి మరచిపోవలసిన పాత అలవాట్లు లేవు.

దీన్‌దయాళ్ కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ పని నేర్చుకున్నది ఈ స్టూడియోలోనే. వ్యాపారం క్రమంగా రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్ అనే పేరుతో సాగింది. కొడుకులే కాక, ఆ సంస్థ ఉచ్ఛదశలో ఎందరో ఛాయాగ్రాహకులు, సహాయకులు, అచ్చు వేసేవారు, రంగులు దిద్దేవారు అక్కడ పని చేశారు. అప్పట్లో బొమ్మ అచ్చు కూడా ఎండలోనే. గుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని నెగెటివు కింద చట్రంలో బిగించి, ఎండలో పెట్టి, రంగు తేలేదాకా కాపు కాయాలి. తరువాత బంగారపు లవణంలో ముంచి నిలిచే రంగు తెప్పించాలి. మబ్బు పట్టిన రోజున ఎంతసేపు, వైశాఖపు ఎండలో ఎంతసేపు అన్నది పుస్తకం చూసి నేర్చుకునే విషయం కాదు. ఆ తరువాత నూరేళ్ళకు కూడా, వరంగల్, హనుమకొండ వంటి పట్టణాల్లో ఫొటో స్టూడియోలో కుర్రాడుగా చేరి, డార్క్ రూంలో ట్రేలు ఊపుతూ పని పట్టుకున్నవారిది ఇంచుమించు ఇదే బడి. కలర్ ల్యాబులు, ఆ వెనుక డిజిటల్ కెమెరాలు వచ్చాకే ఆ బడి మూతపడింది.

ఘోషా స్త్రీల కోసం 1892లో ఆయన హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. పరాయి మగవారి కంటపడని కుటుంబాల స్త్రీలను పురుషులు ఫొటో తీసే వీలు లేదు. శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ ఆ స్టూడియోను నడిపారు. పేరుపొందిన ఛాయాగ్రాహకుడు తాను అడుగు పెట్టలేని గదిలో తన పేరు మీద పని జరగడానికి ఒప్పుకున్నారంటే, పనిని ఇతరుల చేతికి అప్పగించడంలో ఆయనకున్న నమ్మకం సామాన్యమైనది కాదు.

మన ప్రాంతపు చిత్రాలకు వస్తే, రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయి స్తంభాల గుడి, ఖిలా వరంగల్ చిత్రాలు నిజాం రాజ్య దృశ్యాలుగా దీన్‌దయాళ్ స్టూడియో నుంచి వెలువడ్డాయి. అలాంటి ఆల్బమ్‌లు వైస్రాయిల చేతికి వెళ్ళి, అటు నుంచి లండను చేరాయి. 1902లో వైస్రాయి కర్జన్ నెక్కొండ ప్రాంతపు అడవుల్లో పులుల వేటకు వచ్చినప్పటి చిత్రాలు కూడా ఆ స్టూడియోవే. పులుల మాట అటుంచి, ఆ చిత్రాలు చూసేవారికి నెక్కొండ చుట్టుపక్కల అంత అడవి ఉండేదా అన్న ఆశ్చర్యం కలుగుతుంది.

ఈ చిత్రాలన్నింటి మీదా పేరు ఒక్కటే. ఎవరు తీసినా, ఎవరు కడిగినా, ఎవరు అచ్చు వేసినా అంచున దీన్‌దయాళ్ పేరే ఉంటుంది. ఆనాటి స్టూడియోలన్నింటి రివాజు అదే కాబట్టి ఆయన ఒక్కరినే తప్పు పట్టలేం. అయినా ఆయన చేతి కింద పని నేర్చుకున్న పదుల మంది ఆ ఒక్క పేరు వెనుక ఉండిపోయారు. ఆయన పేరున్న ప్రతి చిత్రాన్నీ ఆయనే స్వయంగా తీశారని చెప్పడం ఆ శిష్యులకు అన్యాయమే అవుతుంది.

బిరుదులకు, బహుమతులకు కొదువ లేదు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు పురస్కారం వచ్చింది. 1894లో నిజాం రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్ బిరుదునిచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. జంగ్ బిరుదు కెమెరా పట్టిన మనిషికి దక్కడం విశేషం. ఆయన ప్రతిభను మెచ్చుకుంటూ నిజాం ఉర్దూలో కవిత కూడా చెప్పారు. 1896లో బొంబాయిలో శాఖ తెరిచారు. 1897లో విక్టోరియా రాణి నుంచి అధికార పత్రం లభించింది.

చివరి రోజులు అంత సుఖంగా గడవలేదు. తాను నేర్పి, వృత్తిలో నిలబెట్టిన కొడుకు ధరమ్‌చంద్ 1904లో తండ్రి కళ్ళెదుటే కన్నుమూశారు. మరుసటి ఏడు, 1905లో దీన్‌దయాళ్ కూడా పోయారు. స్టూడియో భారం జ్ఞాన్‌చంద్ మీద పడింది. తండ్రి ఉన్నంత కాలం ఉన్న వైభవం ఆ తరువాత లేదు. 1911లో మహబూబ్ అలీఖాన్ మరణంతో ఆదరించిన ప్రభువు కూడా దూరమయ్యారు.

అయినా గాజు పలకలు మిగిలాయి. వారసుల దగ్గర ఉన్న 2,857 నెగెటివులను 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన స్మారకంగా స్టాంపు విడుదల చేసింది. వేయి స్తంభాల గుడి ఎదుటి కల్యాణ మండపాన్ని పునర్నిర్మాణం కోసం విప్పడం మొదలయిందీ ఆ రోజుల్లోనే. రాయి రాయి తిరిగి పేర్చి, మండపాన్ని 2024 మార్చిలో తెరిచారు. విప్పకముందు మండపం ఎలా ఉండేదో చూడాలనుకునేవారికి దీన్‌దయాళ్ స్టూడియో నాటి బొమ్మలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.