పత్తికొండలో ముగిసిన సర్వీసు
(సర్ థామస్ మన్రో జీవితం)



ఉద్యోగంలో చివరి నాలుగైదేండ్లు ఎంత భారంగా గడుస్తాయో మనలో ఎవరికీ వేరుగా చెప్పనక్కరలేదు. పెండింగు ఫైళ్లు, ఆడిట్ అభ్యంతరాలు, కొత్తగా వచ్చిన చిన్న వయస్సు ఆఫీసర్ల తొందర, ఇంట్లో పెండ్లి కావలసిన పిల్లలు, వీటికి తోడు బి.పి., షుగరు. మన రాష్ట్రంలో పదవీ విరమణ వయస్సు 2014లో 58 నుండి 60కి, 2022లో 62కి పెరిగింది. కాబట్టి నేడు సర్వీసులో ఉన్న మన పిల్లలకు ఆ చివరి మెట్టు ఇంకొంచెం దూరం జరిగింది. ఈ ప్రత్యేక సంచికకు ఏమి వ్రాయాలా అని ఆలోచించినప్పుడు, రెండు వందల ఏండ్ల క్రిందట మన సీమలో పనిచేసి, విరమణ కోసం కాచుకొని కాచుకొని, చివరకు మన పత్తికొండలోనే కన్నుమూసిన ఒక ఉద్యోగి గుర్తుకు వచ్చారు. ఆయనే మన పెద్దలు మన్రో దొర అని పిలుచుకొన్న సర్ థామస్ మన్రో.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో పుట్టారు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చి ఆ వ్యాపారం కూలిపోయింది. ఇల్లు చితికిపోయిన పరిస్థితిలో ఈ యువకుడు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్టుగా చేరి 1780 జనవరిలో మద్రాసులో ఓడ దిగారు. అప్పటికి వయస్సు 18 ఏండ్లు. జీతంలో మిగిల్చి తల్లిదండ్రులకు డబ్బు పంపేవారు. చదువంటే ఎంత ఇష్టమంటే, డాన్ క్విక్సోట్ అనే నవలను మూలభాషలో చదవాలని బాల్యంలోనే స్పానిష్ భాషను తనంతట తాను నేర్చుకొన్నారు. ఇక్కడికి వచ్చాక పారశీకం నేర్చుకొన్నారు. ఈ చదువు అలవాటు తర్వాత ఆయనకు ఎట్లా ఆసరా అయిందో ముందు చూస్తాము.

హైదరాలీతో జరిగిన యుద్ధంలో పనిచేశాక, 1792 నుండి 1799 వరకు బారామహల్ ప్రాంతంలో, అంటే నేటి సేలం, ధర్మపురి, కృష్ణగిరి వైపు, అలెగ్జాండర్ రీడ్ క్రింద రెవెన్యూ పని నేర్చుకొన్నారు. తర్వాత కొంతకాలం కన్నడ తీరంలో ఉన్నారు. 1800 అక్టోబరులో నిజాం నవాబు తన వద్ద ఉన్న కంపెనీ సైన్యం ఖర్చుల క్రింద మన ప్రాంతాన్ని కంపెనీకి వదులుకొన్నారు. అవే దత్తమండలాలు. రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలలో వచ్చినది గదా! అంతవరకు మన పేరు ఇదే. కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు, పత్తికొండ, కోయిలకుంట్ల వంటి తాలూకాలు అన్నీ అందులోవి. కర్నూలు పట్టణం మాత్రం 1839 వరకు నవాబు చేతిలోనే ఉండేది.

ఈ దత్తమండలాలకు మన్రో ప్రధాన కలెక్టరు. ఆయన క్రింద నలుగురు సహాయ కలెక్టర్లు. ఎదురుగా సుమారు ఎనభై మంది పాలెగాండ్రు, కోటలు, వారి బంట్లు. వరుస యుద్ధాలతో పల్లెలు చితికి ఉన్నవి. ఆయన చాలాకాలం గుడారాలలోనే కాపురం చేస్తూ ఊరూరా తిరిగి జమాబందీ జరిపారు. పొలాలను గొలుసులతో కొలిపించి, నేల రకాన్ని బట్టి శిస్తు కట్టించారు. మధ్యవర్తి లేకుండా రైతుకూ సర్కారుకూ నేరుగా లెక్క ఉండే రైతువారీ పద్ధతిని ఇక్కడ స్థిరపరిచారు. పట్టా, అడంగల్, జమాబందీ అంటూ నా బోటి రెవెన్యూ గుమాస్తాలు జీవితమంతా మోసిన పనికి పునాది అక్కడే ఉన్నది.

ఏడేండ్లలో ఆదాయం సుమారు సగం పెరిగింది. కంపెనీ పెద్దలు సంతోషించారు. కాని ఆ డబ్బు రైతు వీపు మీద నుండి వచ్చినదని మన్రోకు తెలుసు. 1807లో సెలవు మీద స్వదేశం వెళ్లబోయే ముందు ఆయన ఒక సుదీర్ఘమైన నివేదిక వ్రాసి పెట్టారు. శిస్తును నూటికి 25 వంతున తగ్గించాలని దాని సారాంశం. ఆ సిఫారసును పైవారు ఒప్పుకోలేదు. రైతువారీని కూడా తీసివేసి, గ్రామాలను గుత్తకు ఇచ్చే పద్ధతి తెచ్చారు. దత్తమండలాలను 1808లో బళ్లారి, కడప అని రెండు జిల్లాలుగా విడదీశారు. మన్రో కాగితం మాత్రం మూలన పడింది. తాను న్యాయమనుకొని వ్రాసిన నోటు ఫైలులోనే ఉండిపోతే కలిగే బాధ ఆఫీసులో పనిచేసిన వారికి తెలుసు.

దాదాపు ఇరవై ఎనిమిదేండ్ల తర్వాత ఇంటి ముఖం చూసిన మన్రో అక్కడ ఆరేడేండ్లు ఉన్నారు. 1814లో, 52 ఏండ్ల వయస్సులో, జేన్ కేంప్‌బెల్ అనే ఆమెను వివాహమాడారు. అదే సంవత్సరం న్యాయపాలన సంస్కరణల కమిషను పని మీద మద్రాసుకు తిరిగి వచ్చారు. 1817–18 మరాఠా యుద్ధంలో సేనాపతిగా పనిచేసేటప్పుడు కండ్లు బాగా దెబ్బతిన్నవి. వినికిడి అంతకు ముందే మందగించి ఉండేది. ఇక చాలు అనుకొని సైన్యం పని వదిలి 1819లో స్వదేశం చేరినారో లేదో, మద్రాసు గవర్నరుగా వెళ్లమని ఉత్తర్వు వచ్చింది. 1820 జూన్‌లో పదవి స్వీకరించారు.

అప్పుడు ఆయన ముందుగా చేసిన పనులలో ఒకటి ఆ పాత కాగితాన్ని బయటికి తీయడం. దత్తమండలాలలో రైతువారీని తిరిగి పెట్టి, శిస్తును నాలుగవ వంతు తగ్గించే ఉత్తర్వులు ఇచ్చారు. కలెక్టరుగా వ్రాసిన సిఫారసుకు పదమూడేండ్ల తర్వాత గవర్నరుగా తానే మంజూరు ఇచ్చుకొన్నారన్న మాట. అదే సంవత్సరం కంపెనీ కళాశాల విద్యార్థులకు దేశభాషలు నేర్చుకొనవలసిన అవసరాన్ని గురించి ప్రసంగించారు. విన్నవారిలో ఉన్న సి.పి. బ్రౌను కొద్ది నెలలకే కడపలో ఉద్యోగంలో చేరి, తెలుగుకు ఎంత సేవ చేశారో మీకు తెలిసినదే.

గవర్నరు పదవి బయటికి వైభవమే గాని లోపల మోత బరువు. దక్షిణదేశంలో చాలా భాగం ఆ ఒక్క కచేరీ క్రింద ఉండేది. లండనులోని డైరెక్టర్లకు ఒక వైపు, కలకత్తాలోని గవర్నరు జనరలుకు మరొక వైపు జవాబు చెప్పుకోవాలి. ఒక జాబు లండను వెళ్లి జవాబు రావడానికి ఏడాది పట్టే రోజులవి. మన్రో తన మినిట్లను తానే వ్రాసుకొనేవారు. 1822లో బడుల లెక్కలు తీయించారు. పెద్ద ఉద్యోగాలను ఈ దేశస్థులకు ఇవ్వాలని 1824 డిసెంబరు 31 నాటి మినిట్‌లో వాదించారు. అరవై దాటిన వయస్సులో, కండ్లు సరిగా లేని మనిషి చేసిన పని ఇది.

ఇంత బరువును ఎట్లా మోశారు? మూడు అలవాట్లు ఆయనను నిలబెట్టినట్లు కనబడుతుంది. ఒకటి నడక. బాల్యం నుండి ఆటలలో, ఈతలో దిట్ట. గవర్నరైన తర్వాత కూడా నడక మానలేదు. రెండవది పుస్తకం. మూడవది జాబులు. తండ్రికి, చెల్లెలికి, తర్వాత భార్యకు మనస్సు విప్పి జాబులు వ్రాసేవారు. వాటిలో కచేరీ సంగతుల కంటె తోటలు, కొండలు, బాల్యంలో ఆడుకొన్న వాగులు, వేళాకోళాలు ఎక్కువ. కుర్చీకి బయట కూడా తానొక మనిషినని ఆయన మరిచిపోలేదు.

అయినా అలసట ముంచుకొని వచ్చింది. 1823లోనే తనను రిలీవు చేయమని వ్రాసుకొన్నారు. అంతలో 1824లో బర్మా యుద్ధం వచ్చింది. మద్రాసు నుండే సైన్యం, ఓడలు, సామగ్రి పంపవలసి ఉన్నది. ఇటువంటి సమయంలో దిగిపోవడం మర్యాద కాదని తానే ఆగిపోయారు. 1825లో బారొనెట్ బిరుదు వచ్చింది గాని విశ్రాంతి రాలేదు. 1826 ఫిబ్రవరిలో యుద్ధం ముగిసింది. మరల వ్రాసుకొన్నారు. లండనులో వారసుని ఎంపిక తేలడానికి మరల ఆలస్యం.

ఈలోగా చిన్న కుమారునికి ఆరోగ్యం బాగుండక, 1826 మార్చిలో భార్య అతనిని తీసుకొని ఇంగ్లండుకు బయలుదేరింది. ఓడ ఎక్కించి గిండి బంగళాకు తిరిగివచ్చిన మన్రోకు ఆ గదులు, తోట శూన్యంగా కనిపించినవి. ఆ దిగులంతా భార్యకు జాబులలో వ్రాశారు. త్వరలో తానూ వచ్చి కలుస్తాననే ఆశతో ఆ ఏడాది గడిపారు.

1827 మే నెలాఖరున, ఇక వెళ్లిపోయే ముందు ఒక్కసారి దత్తమండలాలను చూసి రావాలని మద్రాసు నుండి బయలుదేరారు. ఎండలు, కలరా రోజులు. ఆ సీమ ఆయనకు యౌవనం ఇచ్చిన సీమ. పాత రైతులను, పాత ఊళ్లను చూసి సెలవు తీసుకోవాలని కోరిక. జూలై మొదటి వారంలో గుత్తి చేరేసరికి వెంట వచ్చిన సిపాయిలలో కలరా కనిపించింది. అక్కడి నుండి పత్తికొండకు వచ్చారు. జూలై 6 ఉదయం ఆయనకే వ్యాధి సోకింది. మధ్యాహ్నం కొంచెం తేరుకొన్నట్లు కనిపించారు. అంటురోగం గల గుడారంలో తన కోసం ఇతరులు ఉండడం న్యాయం కాదని, బయటికి వెళ్లమని చుట్టూ ఉన్నవారిని అడిగినారట. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ప్రాణం పోయింది. వయస్సు 66. మరునాడు గుత్తిలో ఖననం చేశారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి చేర్చారు. ఆయన స్థానంలోకి వచ్చిన లషింగ్టన్ మద్రాసులో చార్జి తీసుకొన్నది 1827 అక్టోబరులో. మూడు నెలల తేడా!

పత్తికొండలో ఆయన పేర సర్కారు వారు తోపు వేయించి, రాతి మెట్ల బావి కట్టించారు. గుత్తిలో సత్రం వెలసింది. మద్రాసులో షాంట్రీ చెక్కిన గుర్రం మీది విగ్రహం 1839లో నిలిపారు. వీటన్నిటి కంటె గట్టిగా నిలిచినవి జనం చెప్పుకొన్న కథలు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం దగ్గర స్వామి ఆయనతో మాట్లాడినారని ఒక కథ. కడప జిల్లా గండిలో పాపాఘ్ని కొండను చీల్చుకొని పోయేచోట, పుణ్యాత్ములకు, అదీ అంత్యకాలం దగ్గరపడిన వారికే కనబడే బంగారు తోరణం మన్రో దొరకు కనబడిందని మరొక కథ. కొందరు రైతులు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు.

రెండవ వైపు కూడా చెప్పుకోవాలి. ఆయన కంపెనీ ఉద్యోగి. శిస్తు తగ్గించినా అది మన వానకు, మన నేలకు బరువుగానే మిగిలింది. ఆయన అణచిన పాలెగాండ్ర కుటుంబాలకు పెన్షన్లు ఏర్పడినవి. తర్వాతి సర్కారు వాటిని కత్తిరించింది. నెలకు పదకొండు రూపాయల చిల్లర పెన్షను కోసం తిరిగి తిరిగి అవమానపడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కారు. పెన్షను కాగితం వెనుక ఒక మనిషి పరువు ఉంటుందని ఆ కచేరీ గ్రహించలేదు.

ఇక ఈ జీవితం నుండి మనం తీసుకోవలసినది ఏమిటి? బల్ల మీద కాగితాలు అన్నీ తీరిన తర్వాత దిగుదామని కూర్చుంటే ఆ రోజు రాదు. యుద్ధం ముగిస్తే వారసుడు రాలేదు, వారసుడు బయలుదేరేసరికి కలరా వచ్చింది. రిటైర్మెంటుకు నాలుగు నెలలు ఉండగా, ఆడిట్ పేరాలకు జవాబులు వ్రాస్తూ కుర్చీలోనే ఒరిగిపోయిన సూపరింటెండెంటు ఒకరిని నేనూ చూశాను. మరునాడే ఆ సీటుకు ఇన్‌చార్జి వచ్చినారు, ఆ పేరాలు మరి ఎన్నో ఏండ్లు నడిచినవి.

కాబట్టి సర్వీసులో ఉన్న మన పిల్లలకు చెబుదాము. నడక, పుస్తకం, మనస్సు విప్పి మాట్లాడే ఒక మనిషి – ఈ మూడింటినీ విరమణ తర్వాతకు వాయిదా వేయవద్దు. న్యాయమని తోచిన నోటును వ్రాసి పెట్టండి, దానికి కాలం వచ్చినప్పుడు వస్తుంది. సెలవు ఉంటే వాడుకోండి, వైద్యపరీక్ష చేయించుకోండి, ఇంటివారితో గడపవలసిన రోజులను ఆఫీసుకు అప్పు ఇవ్వవద్దు, ఆ అప్పు తీర్చేవారు ఉండరు. మనకు మన్రో దొరకు దక్కని భాగ్యం దక్కింది. ఇంటి అరుగు మీద, భార్యాబిడ్డలు, మనుమలు మనుమరాండ్ర మధ్య పొద్దు గడుపుతున్నాము. ఈ రోజులను ఆరోగ్యంతో, ఒకరికొకరు తోడుగా గడపాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.