మూగజీవుల పక్షమున నిలిచిన రుక్మిణీదేవి

మంగళవారమునాడు రాయవేలూరు చెంతనున్న పొయిగై సంతకు పోయినవారు ఎద్దులను, ఆవులను మందలుమందలుగా చూచియుందురు. కాడి రాపిడికి మెడ పుండైన ఎద్దు ఏ యూరనైనను కానవచ్చును. బాధను చెప్పుకొనుటకు దానికి నోరు లేదు. అట్టి నోరులేని ప్రాణులకై పార్లమెంటులో నోరు విప్పిన మహనీయురాలు శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్. నాట్యకళాకోవిదురాలిగా ఆమెను లోకమెల్ల ఎఱుగును. ఆమె జీవితమందలి ఈ రెండవ ముఖమును మన బాలబాలికలును, తలిదండ్రులును తెలిసికొనదగును.

రుక్మిణీదేవిగారు 1904వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన మధురలో జన్మించిరి. తండ్రి నీలకంఠశాస్త్రిగారు ఇంజనీరు. దివ్యజ్ఞాన సమాజమున చేరి, ఉద్యోగవిరమణానంతరము చెన్నపట్టణమందలి అడయారులో స్థిరపడిరి. 1920లో, తన పదునాఱవ యేట, రుక్మిణీదేవిగారు ఆ సమాజమున ప్రముఖుడైన జార్జి అరండేల్ అను ఆంగ్లేయుని వివాహమాడిరి. ఆనాటి సంఘము దానిని హర్షింపలేదు. నింద పడుట, నిందకు బెదరకుండుట ఆమె చిన్ననాడే నేర్చిరి.

1928లో ఆమెకు అన్నా పావ్లోవా అను రష్యా నర్తకితో పరిచయము కలిగెను. స్వదేశపు నాట్యమునే అభ్యసింపుమని పావ్లోవా ప్రోత్సహించెను. కులీన స్త్రీలు నాట్యమాడుట తప్పని యెంచు ఆ దినములలో, 1935లో, రుక్మిణీదేవిగారు అడయారులో భరతనాట్యము ప్రదర్శించిరి. మరుసటి యేడు కళాక్షేత్రమును స్థాపించిరి. తంజావూరు మండలమందలి మేలట్టూరులో మన తెలుగున వెలసిన భాగవతమేళ నాటకములను కళాక్షేత్ర రంగస్థలమున కెక్కించినవారును ఈమెయే. తమిళదేశమున తెలుగు చదువుకొను మనకు ఇది సంతోషకరమైన విషయము.

1952లో రాష్ట్రపతి ఆమెను రాజ్యసభకు నియమించిరి. ఆ సభకు నియమితురాలైన తొలి మహిళ ఈమెయే. కళాకారిణి గదా, కళలను గూర్చియే మాటలాడునని పలువురు తలచియుందురు. కాని ఆమె జంతువులపై జరుగు క్రూరత్వమును నివారించుటకు ఒక బిల్లును సభ ముందుంచిరి. అప్పటికి 1890లో ఆంగ్లప్రభుత్వము చేసిన చట్టమే అమలులో నుండెను. అది చాలదని ఆమె వాదన. 1954లో ఆ బిల్లుపై చర్చ జరిగెను. ప్రధాని నెహ్రూగారు ఆమె ఆశయమును మెచ్చుకొని, ఈ విషయమును పరిశీలించుటకు ప్రభుత్వమే ఒక సంఘమును నియమించునని మాట యిచ్చిరి. ఆ మాటను నమ్మి ఆమె తన బిల్లును ఉపసంహరించుకొనిరి. తన పేరిట చట్టము రావలెనను పట్టుదల ఆమెకు లేదు. మూగజీవులకు మేలు కలిగిన చాలును.

ఆ మేలుకొఱకు ఆఱేండ్లు వేచియుండవలసి వచ్చెను. 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలువడెను. మోయలేని బరువు మోపుట, పుండుతోనున్న పశువును పనికి తోలుట, కదలుటకు వీలులేకుండ పొట్టి త్రాట కట్టుట, తిండియు నీరును పెట్టక మాడ్చుట, పెంచిన జంతువును దిక్కులేకుండ విడిచిపెట్టుట, ఇవి యన్నియు ఆ చట్టము ప్రకారము నేరములు. ఐనను ఆమె కోరినదంతయు లభింపలేదు. ప్రయోగశాలలలో జంతువులపై చేయు పరీక్షలను చట్టము మాన్పలేదు. అదుపునందుంచుటకు మాత్రము వీలు కల్పించెను. మొదటి తప్పునకు విధించిన జుల్మానా ఏబది రూపాయలకు మించలేదు. దొరకిన కొంచెమును త్రోసిపుచ్చక, దానినే ఆధారముగా గొని ఆమె ముందునకు నడచిరి.

ఆ చట్టముననుసరించి 1962లో జంతుసంక్షేమ మండలి ఏర్పడగా, ఆమెయే తొలి అధ్యక్షురాలైరి. 1977లో మొరార్జీ దేశాయిగారు ఆమెను రాష్ట్రపతి పదవికి నిలువుమని కోరిరి. ఆమె సమ్మతింపలేదు. 1986 ఫిబ్రవరి 24వ తేదీన ఆమె కీర్తిశేషులైరి.

ఆమె లేవనెత్తిన ప్రశ్న ఆమెతో ముగిసిపోలేదు. సంక్రాంతి దినములలో మన వేలూరు ప్రాంతపు పల్లెలలో ఎద్దులను పరుగెత్తించు వేడుకను అందఱము ఎఱుగుదుము. ఎద్దులతో నాడు జల్లికట్టు మొదలగు ఆటలను 2014లో సుప్రీంకోర్టు నిషేధించెను. 2017లో తమిళనాడు ప్రభుత్వము చట్టమును సవరించి వాటిని అనుమతించగా, 2023లో అదే న్యాయస్థానము ఆ సవరణను సమర్థించెను. ఆచారము గొప్పదా, ప్రాణి బాధ గొప్పదా యని పెద్దలే వాదించుకొనుచున్నారు. మీరును ఆలోచింపుడు.

విద్యార్థులారా! చట్టము పుస్తకములో నుండును. దయ మన చేతిలో నుండవలెను. కుక్కపిల్లను పెంచుకొనవలెనని ముచ్చటపడువారు వేలకు వేలు పోసి జాతికుక్కను కొనుటకు ముందు, దిక్కులేని జంతువులను కాపాడు శరణాలయములను తలచుకొనుడు. 1959లో చెన్నపట్టణమున కెప్టెన్ సుందరంగారు ఆరంభించిన బ్లూక్రాస్ సంస్థ అట్టిది. వీథిలో పుట్టిన మన నాటుకుక్క మన ఎండకును, మన కూటికిని అలవాటుపడినది. అన్నము పెట్టిన చేతిని మఱవదు. కాని తెచ్చుకొనక ముందు తలిదండ్రుల యనుమతి పొందుడు. వెఱ్ఱికుక్క వ్యాధి రాకుండ పశువైద్యునిచే టీకా వేయింపుడు. ముచ్చట తీరిన పిదప వీథిపాలు చేయకుడు. అట్లు చేయుట పెంచకుండుటకంటె గొప్ప పాపము.

ఈ వేసవిలో మీ వాకిట ఒక తొట్టెడు నీరుంచుడు. రుక్మిణీదేవిగారికి మనము సమర్పింపగల నివాళి అదియే.